కుడిపక్క పెట్టె

అమృతరావు స్పీకర్లు కొంటానన్నప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. రాయగడ రైల్వే క్వార్టర్లలో మా గోడా ఆయన గోడా ఒకటే. ఆయన సిగ్నళ్ళ మెకానిక్కు, నేను గూడ్సు గుమాస్తాని. పొద్దున వండుకున్నది రెండు పూటలా తిని, ఒకే చెప్పుల జతకి మూడుసార్లు అట్టలు వేయించుకున్న మనిషికి ఏడు వందలు పోసి పాటలు వినే సరదా ఏమిటని నా బాధ. ఆ మాట మొహం మీదే అనేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడంలో ఆయన్ని మించినవాడు మా లైన్లో లేడు.

ఆయన భార్య ప్రేమలీల కోరాపుట్ ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళూ ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ. బదిలీకి పెట్టిన అర్జీలు ఏ బీరువాలో ఉన్నాయో ఇప్పటికీ తెలియదు. డ్యూటీ కుదిరిన శనివారం ఆవిడ బస్సెక్కి వచ్చేది, సోమవారం తెల్లారకుండానే వెళ్ళిపోయేది. మధ్యలో మిగిలేది ఒక్క ఆదివారం. పొద్దున్నే ఇద్దరూ చక్కగా తయారై చర్చికి బయల్దేరేవారు. కలిసి నడవడం చర్చి గుమ్మం దాకానే. లోపల మగవాళ్ళంతా ఎడమ పక్క, ఆడవాళ్ళంతా కుడి పక్క. దొరికిన ఒక్క రోజులో మూడు గంటలు అలా చెరో పక్కా కూర్చుంటే ఇంక కాపురం ఎప్పుడు చేస్తారయ్యా అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. పాట పాడేటప్పుడు ఇద్దరం ఒక చోటే ఉంటాం కదా అనేవాడు.

ఎనభై ఒకటిలో క్రిస్మస్ ఆరాధనని ఆయన టేపులోకి ఎక్కించాడు. విశాఖ రేవులో పనిచేసే బావమరిది ఇచ్చిన జపాను టేపురికార్డరుకి రెండు మైకులు తగిలించుకోవచ్చు. ఎడమ మైకు మగవాళ్ళ వైపు, కుడి మైకు ఆడవాళ్ళ వైపు పెట్టి, తన మైకు ఎదురుగానే నిలబడి గొంతెత్తి పాడాడు. మరుసటి వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి ప్రేమలీల మూడు రోజుల్లో పోయింది. అదే జ్వరానికి ఎంతమందికి సూదులు వేసిందో ఆవిడ.

టేపు మిగిలింది. కాని రికార్డరుకి ఉన్నది ఒకే స్పీకరు. అందులో రెండు వైపుల గొంతులూ కలిసిపోయి, హార్మోనియం, డోలక్, వాటన్నిటి మీదా అమృతరావు గొంతూ వినపడేవి. ఆవిడ గొంతుకి ఒక గుర్తుంది. పాదం చివర అందరూ ఆపేశాక కూడా ఆవిడ ఆ అక్షరాన్ని కొంచెంసేపు పట్టుకుని ఉండేది. పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు. ఆ కొసరు కోసం ఆయన ఏడాదిన్నర వెతికాడు. హార్మోనియం మోతలో అదీ దొరకలేదు.

"నా గొంతే అడ్డొచ్చెస్తంది, మూర్తిగారూ," అన్నాడొక రోజు.

నా కోపం అక్కడితో చచ్చిపోయింది. మర్నాడే నేనూ సెలవు పెట్టాను.

ఆంప్లిఫయరు ఆయనే బిగించుకున్నాడు. కొనాల్సింది స్పీకర్లే. మంచివి జయపురంలో దొరుకుతాయన్నారు. మా అక్క గురువమ్మది ఆ ఊరే కాబట్టి దిగడానికి చోటుంది. కోరాపుట్‌లో బస్సు టీకి ఆగితే నేను దిగాను, ఆయన దిగలేదు. ఆసుపత్రి కనపడని వైపు సీటు ముందే చూసుకుని కూర్చున్నాడు. అది నాకు అప్పుడే అర్థమైంది.

సన్యాసిరావుగారు సాలూరు నుంచి వచ్చి జయపురంలో రేడియోల దుకాణం పెట్టుకున్నాయన. రెండు రకాలు చూపించాడు. పెద్ద పెట్టెలు, జత ఆరు వందల యాభై. పుస్తకాల అరలో పట్టేంత చిన్నవి, జత పద్నాలుగు వందలు. మా దగ్గరున్నవి ఏడు వందలు. ముందు పెద్దవాటికి మా టేపు పెట్టాడు. అద్దాలు అదిరాయి, డోలక్ నా పొట్టలో మోగింది. ఇవే ఖాయం చేసెయ్యమన్నాను. అమృతరావు తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడినట్టుందట.

చిన్నవి పెద్దగా అదరలేదు. కాని ఎవరి గొంతు వాళ్ళది అయింది. రెండు పెట్టెలూ బాగున్నాయని చూపించడానికి సన్యాసిరావుగారు ఒక్కో పెట్టెనే విడిగా వినిపించే మీట కుడికి తిప్పాడు. మగవాళ్ళు గోడ అవతలికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు మాత్రం పాడుతున్నారు. పాదం అయింది. అందరూ ఆపారు. ఒక్క గొంతు మాత్రం ఇంకా కాసేపు ఉంది.

అమృతరావు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన మొహం చూడలేక నేను ఎదుటి అరలోని రేడియోలు చూస్తూ నిలబడ్డాను. దుకాణదారు మీట ఎడమకి తిప్పబోతే అమృతరావు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

కుడి పెట్టె ఒక్కటే ఇమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అదే డబ్బుకి రెండు పెద్దవి వస్తుంటే ఒంటి పెట్టె ఏం చేసుకుంటావని అరిచాను.

"జత ఇడదీసి అమ్మితే రెండోది నేనేటి సేసుకోను?" అన్నాడు సన్యాసిరావుగారు. "ఒంటి పెట్టె ఎవుడు కొంటాడు?"

అమృతరావు బేరం ఆడలేదు. చర్చిలో ఎవరు ఏ పక్క కూర్చుంటారో, ఆ కొసరు గొంతు ఎవరిదో చెప్పాడు. సన్యాసిరావుగారు టేపు వెనక్కి తిప్పి ఆ పాదం తనే ఇంకోసారి విన్నాడు. తరవాత పెట్టెకి గడ్డి చుట్టి అట్టపెట్టెలో పెట్టించాడు. రెండోది ఎవరికీ అమ్మననీ, చేతిలో డబ్బు ఆడినప్పుడు వచ్చి పట్టుకెళ్ళమనీ చెప్పాడు.

దసరా ముందు మాకు బోనసు వచ్చింది. ఆ రెండో పెట్టె ఇంకా అలాగే ఉందని మా అక్క ఉత్తరం రాసింది. నేను హుషారుగా ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళి, జయపురం పోదాం పదమన్నాను. గోడ అరకి కుడి చివర ఆ పెట్టె ఉంది. ఎడమ చివర ఖాళీ. ఆ ఖాళీకి ఎదురుగా ఒక కుర్చీ, దాని మీద పాటల పుస్తకం. ఆయన పుస్తకం తీసి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"రెండోది వద్దండి," అన్నాడు. "ఎడం పక్కకి నేనున్నాను కదా."

టేపు పెట్టాడు. కుడి నుంచి ఆడవాళ్ళు అందుకున్నారు. ఈయనా అందుకున్నాడు, వెనకటిలా గొంతెత్తి కాదు, ఆవిడకి అడ్డం రాకుండా మెల్లగా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పాదం చివర అందరూ ఆపారు. ప్రేమలీల ఆపలేదు, ఆయనా ఆపలేదు. కాసేపటికి టేపులో ఆవిడ ఆపేసింది. అమృతరావు మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాడు.