గ్రేసీ వద్దన్న పాట

2022. గోదావరిఖని మార్కెట్ వెనక సందులో, మందుల దుకాణం పైన నా గది. బయట స్పీచ్ థెరపిస్ట్ అని రాసి ఉన్నా అందరికీ నేను మాటల డాక్టరమ్మనే. ఆ వానాకాలం దానియేలు తాత మనవరాలిని ఎత్తుకొని మెట్లెక్కి వచ్చాడు. వెనకే ఆయన భార్య మరియమ్మ. తాత బొగ్గుబావిలో చేసి రిటైరైన మనిషి.

ఆరేళ్ల గ్రేసీకి సెరిబ్రల్ పాల్సీ. అంటే మెదడు చెప్పినట్టు కండరాలు వినవు. మనం అన్నదంతా ఆమెకు అర్థమవుతుంది, నోరే పలకదు. తల్లిదండ్రులు పనికి వెళ్తే పిల్లను చూసుకునేది వీళ్లిద్దరే. దానికేం కావాలో తమకు ఎరుకేనన్నారు. ఉప్మా అంటే ప్రాణమట. అంతకంటే ప్రాణం తాత పాటట. చర్చిలో పాడే ఆయన రోజూ సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకొని గొంతెత్తుతాడు. అప్పుడు పిల్ల ముఖం వంకర్లు తిరుగుతుంది. అది నవ్వని ఆయన నమ్మకం.

నేను కమ్యూనికేషన్ బోర్డు చేసిచ్చాను. బొమ్మలు అంటించిన అట్ట అది. మాట రాని పిల్లలు బొమ్మను తాకి మనసులోది చెబుతారు. అందులో అన్నం, నీళ్లు, ఇంట్లోవాళ్ల ఫోటోలు, ‘కావాలి’, ‘వద్దు’ ఉన్నాయి.

వారం తిరగకుండానే తాత ముఖం మాడ్చుకొని, గ్రేసీని ఎత్తుకొని, మరియమ్మతో బోర్డు పట్టించుకొని వచ్చాడు. ‘వద్దు’ బొమ్మ మీద ప్లాస్టర్ అంటించి ఉంది. గ్రేసీ మొదట ఉప్మాను వద్దందట. తర్వాత రెండు జడలను. ఆఖరికి పాట ఎత్తుకోగానే పిడికిలితో ఆ బొమ్మను గుద్దిందట.

"గీ ఒక్క బొమ్మ తీసెయ్యి బిడ్డా. మిగిలినయి ఉండనియ్యి. మంచిగున్న పిల్లను మొండిదాన్ని చేసింది."

మీరు డ్యూటీ చేసిన రోజుల్లో ఎన్నడూ కాదనలేదా అని అడిగాను.

"ఎందుకనలే? సమ్మెలల్ల ముందుండేటోణ్ణి."

అన్నాక ఆయన చూపు బోర్డు మీద పడింది. గ్రేసీ పిడికిలి అప్పటికే ప్లాస్టర్‌ను రుద్దుతోంది. తాత గోటితో దాన్ని తానే పీకేశాడు.

ఇప్పుడొక చరణం పాడమన్నాను. పాపం, మెల్లగానే ఎత్తుకున్నాడు. గ్రేసీ చెయ్యి సూటిగా ‘వద్దు’ మీద పడింది. తాత గొంతు సవరించుకొని, వానొచ్చేట్టుంది, పోదామంటూ లేచాడు. పిల్ల గాభరాగా చెయ్యి కదిపింది. అది ఒకటి రెండుసార్లు జారి, చివరికి ‘కావాలి’ మీద ఆగింది. అక్కణ్నుంచి పాక్కుంటూ తాత ఫోటో మీదికి వెళ్లింది.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ కూర్చొని, పిల్లను ఒళ్లోకి తీసుకొని, ఏమీ పాడకుండా ఉండిపోయాడు. గ్రేసీ ఆయన ఛాతీకి తల ఆనించింది.

పక్కనే ఉన్న మరియమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మనిషి గావాలె, పాట వద్దు. పెండ్లయినప్పటి సంది నేన్ గూడ గదే చెప్పాలనుకుంటున్న మేడం. నాకు బొమ్మలు దొరకలే."

తాతతో సహా అందరం నవ్వాం.

మాట రాని పిల్లలకు ‘కావాలి’ నేర్పాలని ప్రతి ఇల్లూ తొందరపడుతుంది. నేనిప్పుడు ‘వద్దు’ను ముందు అంటిస్తాను. వద్దనే వీలున్నప్పుడే ఆ పిల్ల కావాలన్నదాన్ని మనం నమ్మగలం.