నాలుగింటికి పడే గడియ

మా తోడికోడలు చేతికి కత్తెరిస్తే గుడ్డ మాట వింటుంది. పదహారేళ్లుగా మా చర్చి క్రిస్మస్ పాటలవాళ్ల తెల్లగౌన్లన్నీ ఆమే కుడుతోంది. కుట్టించేది నేను. స్త్రీల సమాజానికి పెద్దని కదా, డిసెంబరు వచ్చిందంటే నా కాలు ఒకచోట నిలవదు. అలంకరణ, నాటకం, పాటలు, అన్నీ నా నెత్తినే. ఆ వేడిలో నాలుగు మాటలు అంటాను. ఆమె "సరే అక్కా" అంటుంది.

ఈ ఏడు మాత్రం ఏదో తేడా కొట్టింది. పండగ ఇంకా పది రోజులుందనగా, సాయంత్రం నాలుగైతే చాలు, తలుపుకి గడియ. ఫోను మోగీ మోగీ ఆగిపోతుంది. ఐదింటికి ఏమీ ఎరగనట్టు తీస్తుంది. ఇరవై గౌన్లలో ఎనిమిది ఇంకా ముక్కలుగానే ఉన్నాయి. వాళ్ల వీధి చివర కొత్త సంఘం ఒకటి మొదలైంది, ఆ పాస్టరమ్మ ఇల్లిల్లూ తిరుగుతోందట. అంతే, నాకు విషయం అర్థమైపోయింది. గౌన్లు పోతే పోయాయి, మనిషే చేజారిపోతోంది! అత్తవారి వైపు నాకంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

"నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివి," అన్నారు మా ఆయన.

"నవ్వండి, నవ్వండి. రేపు మీ తమ్ముడూ పెళ్లాం వెనకాలే ఆ చర్చికి పోతాడు, అప్పుడు తెలుస్తుంది."

మర్నాడు నాలుగూ పదికి, నాటకం పిల్లల కోసం మరో మూడు గౌన్ల గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లాను. చప్పుడు కాకుండా చెప్పులు మెట్ల కిందే విడిచాను. కిటికీ ఓరగా తెరిచి ఉంది. కుట్టుమిషను బెల్టు ఊడదీసి పక్కన పెట్టి ఉంది. లోపల గుసగుసలు. దొరికింది దొంగ! ఆ పాస్టరమ్మే అయ్యుంటుంది. చెవి కిటికీకి ఆనించాను.

రెండో గొంతు లేదు. ఆమె ఒక్కతే, మోకాళ్ల మీద ఉంది.

"పోయిన పండక్కి నీ పుట్టుక గురించి చదువుతుంటే, నేను పాటల వరసలో మూడో పిల్ల గౌను అంచు వంకర చూస్తూ కూర్చున్నాను ప్రభువా. ఒక్క మాట చెవిన పడలేదు. ఈసారి అలా కానివ్వకు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకోటుంది. నీకు తెలిసిందే. అక్క మెట్లెక్కే చప్పుడు వింటేనే నాకు ఒళ్లు మండిపోతోంది. మంచి మనిషే, కానీ ఈ నెలొస్తే ఆమె మొహం చూడబుద్ధి కావట్లేదు. ఆమెను ద్వేషిస్తూ నీ పండగ ఎలా చేసుకోను? ఇది నాలోంచి తీసెయ్యి."

కోపం వచ్చింది, అబద్ధమెందుకు. తలుపు బాది కడిగేద్దామని చెయ్యెత్తాను కూడా. కానీ లోపల ఆమె ఏడుస్తోంది. చాడీలు చెప్పేవాళ్లు అలా ఏడవరు. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ నెలంతా నేను దేవుడితో ఏం మాట్లాడాను? చెయ్యాల్సిన పనులు ఏకరువు పెట్టాను, అంతే.

మెట్టు మీద కూలబడ్డాను. ఐదింటికి గడియ తీసింది. నన్ను చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఎంతసేపైంది అక్కా వచ్చి?"

"ఇప్పుడే."

అలవాటుగా సంచి కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు.

"ఇవి వేరేచోట కుట్టిస్తాలే. ఆ ఎనిమిదీ అయినకాడికి చాలు. మిగతావాళ్లు పాతవి తొడుక్కుంటారు." సంచి చంకలో ఇరికించుకున్నాను. "రేపు నాలుగింటికి నేనూ రానా? ఊరికే, నీ పక్కన కూర్చుంటాను."

ఆమె సంచి వంక చూసింది, నా మొహం వంక చూసింది. తలుపు రెక్క వదల్లేదు.

"ఏం పని చెప్పడానికక్కా?" అంది.