తాడు చల్లబడిన సాయంత్రం

ఇవాళ పొద్దు వాలే వేళ డాబా మీద బట్టలు తీస్తుంటే ఇనుప తీగ చేతికి చల్లగా తగిలింది. ఇంకోసారి ముట్టుకుని చూశాను. వానలు వెళ్ళిపోయాయి, ఈ రాత్రి మంచు పడుతుంది.

సముద్రం ఒడ్డున పెరిగిన నా ఈడువాళ్ళకి గుర్తుందా? ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన, తాటాకు బుట్టలు, ఎండిన వలతాళ్ళ గరుకు. ఎండలు కాసినన్నాళ్ళూ చేపని రాత్రి ఇసుక మీదే వదిలేసేవాళ్ళం. మంచు మొదలయ్యాక అలా వదిలేస్తే తెల్లారేసరికి మెత్తబడి కంపుకొట్టేది, అమ్మ కష్టమంతా ఇసుకపాలే.

నేను చిన్న గుంటగా ఉన్నప్పుడు ఓ సాయంత్రం వలతాడు ముట్టుకుంటే ఇలాగే చల్లగా ఉంది. చేపంతా ఎత్తేయమని అమ్మ వెంటపడ్డాను. పిన్ని నవ్వింది.

"ఒసే, నీకు రోజుకో ఉప్పెన కనపడతాదే! మొన్న సిన్న మబ్బుకే ఏడిసినావు."

మా మామ్మ లేచి వచ్చి తాడుని చెంపకి ఆనించుకుంది. "ఎత్తీండి. గుంటకి బయ్యం ఎక్కువే గానీ, దాని సెయ్యి అబద్దమాడదు."

తెల్లారేసరికి మంచుకి ఇసుక తడిసి ముద్దయింది. మా నెత్తళ్ళు బుట్టల్లో గలగలలాడాయి. ఆ రోజు నుంచి సాయంత్రమైతే పేటలో ఆడవాళ్ళు, "తాడు ఏటంటందే గుంటా?" అని నన్నే అడిగేవారు. అందరికన్నా ముందు పిన్ని.

ఇప్పుడూ ఇంట్లో నా భయాలకి నవ్వుతారు. నవ్వనీండి. ఇందాక కింద నుంచి కోడలే కేకేసింది.

"అత్తా, డాబా మీద వడియాలు రాత్రికి ఉంచీమంటావా, తీసీమంటావా?"

"తీసీయే," అన్నాను, తీగ మీంచి చెయ్యి తీయకుండానే.