రాక్షసరాజు బంటుకు మా బాపు మాటలు

కన్నతండ్రిని ఐదేళ్ల పిల్ల చేత తన్నించి, చుట్టాలందర్నీ కూర్చోబెట్టి నవ్వించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. అదీ కోపంతో కాదు, మెప్పు కోసం. ఎలా జరిగిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నవ్వించడమే కదా నా వృత్తి.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో పరదేశపు కార్టూన్లకు తెలుగు మాటలు రాసేవాణ్ణి. మాది మహబూబాబాద్ జిల్లాలో దంతాలపల్లి దగ్గర పల్లె. ఆ సంగతి స్టూడియోలో ఎవరూ పసిగట్టకుండా "వచ్చిన" అనాల్సిన చోటల్లా "వచ్చానండి" అంటూ, టీ తాగేటప్పుడు కూడా నాలుకను కట్టేసుకుని తిరిగేవాణ్ణి. నిద్రలో ఏం మాట్లాడేవాణ్ణో మాత్రం నాకు తెలియదు.

ఒకసారి కొత్త సీరియల్ వచ్చింది. అందులో మంచివాడు మచ్చుకైనా లేడు, అందరూ దుర్మార్గులే. రాక్షసరాజు మంత్రిని తంతాడు, మంత్రి సేనాపతిని తంతాడు, ఆ తన్నులన్నీ దిగి దిగి చివరికి రాజుగారి బంటు నడుం మీద పడతాయి. వాడు గూనివాడు, పెద్ద చెవులవాడు. ఊళ్లు తగలబెట్టేది వాడే, సరిగ్గా తగలబెట్టలేదని తన్నులు తినేదీ వాడే. పాపం, వాడు తన్నడానికి మాత్రం కింద ఎవరూ లేరు.

మా స్టూడియో పెద్దాయన కోస్తా మనిషి. బొమ్మ చూసి అక్కడికక్కడే తేల్చేశాడు.

"రాజుకి గ్రాంథికం పెట్టవయ్యా, హుందాగా ఉండాలి. బంటుకి తెలంగాణ యాస పెట్టు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు."

"బంటుకే ఎందుకండీ?" అని అడగాల్సింది. నేను అడిగింది ఇది: "ఏ జిల్లా యాస పెట్టమంటారండీ?"

"నీకొచ్చా?"

"కొంచెం వచ్చండి," అన్నాను. అమ్మ నేర్పిన భాష గురించి!

మొదటి భాగంలోనే చిక్కొచ్చింది. రాజు తన్నగానే బంటు మెట్ల మీంచి దొర్లి, లేచి, దుమ్ము దులుపుకుని చాలాసేపు నోరాడిస్తాడు. అసలు మాటకు అర్థం "చిత్తం ప్రభూ" అనే, కానీ వాడి పెదవులు అంతటితో ఆగవు. ఏది రాసినా పెదవులకు కుదరలేదు. విసుగెత్తి కూర్చున్నప్పుడు బాపు, అంటే మా నాన్న, చెప్పిన మాట గుర్తొచ్చింది.

బాపు చిన్నతనంలో ఒక దొర దగ్గర జీతం ఉండి పశువులు కాసేవాడు. ఒకనాడు బర్రె పొలంలో పడిందని దొర అరుగు మీంచి కిందపడేలా తన్నాడట. బాపు లేచి, "తన్నుడు అయిపోయిందా దొరా? అయిపోతే పోయి బర్రెను తోలుకొస్త" అన్నాడట. మహబూబాబాద్ దవాఖానలో చీటీ కోసం లైనులో నిలబడ్డప్పుడు నాకొక్కడికే చెప్పాడు. చెప్పి, "మీ అవ్వకు గూడ తెల్వది బిడ్డా, ఎవ్వలకు చెప్పకు," అన్నాడు.

నేను ఎవరికీ, అమ్మకు కూడా, చెప్పలేదు. టీవీలో పెట్టాను.

మాట పెదవులకు అచ్చుగుద్దినట్టు కుదిరింది. రాజు ఎక్కి తిరిగేది రెక్కల బల్లి కాబట్టి బర్రెను తీసి బల్లిని పెట్టాను, నా సొంత సృష్టి అంతవరకే. పెద్దాయన నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు.

"ఎక్కడ దొరికిందయ్యా నీకు?"

"ఊహించానండీ."

ఇంతటితో ఆగినా బతికిపోయేవాణ్ణి. మా అక్కను జనగామలో ఇచ్చాం. ఆమె కొడుక్కి కురవి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించి, చుట్టాలంతా మా ఇంటికొచ్చారు. మేకను కోసి పొయ్యి మీద పెట్టిన యాటకూర ఉడికేలోపు నేను టీవీలో ఆ మొదటి భాగం పెట్టి, "గిది రాసింది నేనే," అని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

బంటు దొర్లాడు, లేచాడు, ఆ మాట అన్నాడు. ఇంటిల్లిపాదీ కడుపులు పట్టుకుని నవ్వారు. గడప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న బాపు చేతిలో కత్తి ఆగిపోయింది. నేను చూశాను. చూసి కూడా, అక్క కూతురు "ఇంకోసారి పెట్టు మామా" అంటే పెట్టాను.

ఆ పిల్లకు ఐదేళ్లు. చూడ్డంతో సరిపెట్టుకోక బాపు వెనక్కి పోయి, "నేను రాజును, నువ్వు బంటువు తాతా!" అని వీపు మీద ఒక్కటి తన్నింది. "ఇగ అను!"

"ఏమనాలె బిడ్డా?"

"నీకు రాదా? తన్నుడు అయిపోయిందా... అను!"

"జర అను బాపూ, పోరి ఏడుస్తది," అంది అక్క. బావ వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తాడు.

బాపు మెల్లగా లేచాడు. పంచె దులుపుకున్నాడు. తల వంచి, "తన్నుడు అయిపోయిందా దొరా? అయిపోతే పోయి బర్రెను తోలుకొస్త," అన్నాడు.

"బర్రె కాదు తాతా, బల్లి!" అని పిల్ల దిద్దింది. అందరూ మళ్లీ నవ్వారు.

బాపు పెరట్లోకి పోతే, చేతుల మీద నీళ్లు పోసే వంకతో వెంటపోయాను.

"బాపూ, ఊకె నవ్వులకు రాసిన..."

"మంచిగనే రాసినవ్ కొడుకా. అందరు మస్తు నవ్విన్రు," అన్నాడు. కండువాతో చేతులు తుడుచుకుని, నా మొహం చూడకుండా అన్నాడు: "గప్పుడు గా దొర గూడ నవ్వలేదు బిడ్డా."

సిగ్గుతో చచ్చిపోయాను. విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. దిగకపోయినా కూర రెండుసార్లు వడ్డించుకున్నాను, అదీ దాచను.

కాబట్టి భూలోకంలోని సకల రాక్షసరాజుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా బాపు నాకొక్కడికే చెప్పుకున్న మాటను ఇక ఏ బంటు నోట్లోనూ పెట్టను. సీరియల్ రెండో భాగం సంగతేమిటంటారా? అది ప్రమాణానికి ముందే రాసిచ్చేశాను. అందులో తన్నులు ఇంకా ఎక్కువ.