స్తంభంలో మొలిచిన నారు

సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో కావలిలో నాకు కనబడిన ప్రతి గోడా వంకరగానే ఉండేది. పడగొట్టి నేను మళ్లీ కడితే తప్ప ఊరు బాగుపడదని గట్టిగా నమ్మిన వయసది. (ఊరి అదృష్టం బాగుండి ఎవరూ నాకు పని ఇవ్వలేదు.) చివరికి అమ్మే మొదటి పని అప్పగించింది. మేడ మీద కొత్త బాత్రూం నీళ్ల పైపు మా ముందు హాల్లో, ఒక మూలగా కిందికి దిగేది. పైన ఎవరు చెంబెడు నీళ్లు పోసుకున్నా కింద గళగళమని చాటింపు వేసేది. మా చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారు ఇంటింటికీ తిరిగి చేసే గృహ ప్రార్థన వచ్చే నెల మా ఇంటికి రానుంది. “అయ్యగారు ప్రార్థన చేస్తా ఉంటే ఈ పైపు ఆమెన్ చెప్తాదేందిరా? నా పరువు నీ చేతిలో ఉండాది,” అంది అమ్మ.

విడవలూరు నుంచి వచ్చిన మా అక్క భర్త, అంటే బావ, నాకు సహాయకుడు. పెట్టె సన్నగా రావాలని పైపును గోడకు జరిపి మళ్లీ అతికించాను. చుట్టూ ఇటుకలు పేర్చాం. చప్పుడు రాకుండా లోపల ఇసుక నింపుదామన్నాను. “ఇసుకెందుకురా, మా కళ్లంలో తాలు ఊరికే పడుండాది,” అని రైతైన బావ గోతాలకెత్తి తెచ్చాడు. (తాలంటే తూర్పారబట్టినప్పుడు ఎగిరిపోయే బోలు వడ్లు. వాటిలో గట్టి గింజలూ కలుస్తాయని డిప్లొమాలో చెప్పలేదు, బావకు గుర్తు రాలేదు.) పైదాకా నింపి, సిమెంటు పూసి, రంగు వేస్తే రాజమహలు స్తంభంలా తేలింది. పైపు నోరు మూసుకుంది. అమ్మ వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించింది.

ప్రార్థన రోజు పొద్దున చాపలు పరుస్తుంటే స్తంభంలో సన్నటి నెర్రె, అందులోంచి వేలెడు పచ్చటి నారు! బావ వంగి చూసి, “బలే మొలకరా. ఇంకొన్నాళ్లాగితే నాటెయ్యొచ్చు,” అన్నాడు. అమ్మ చూస్తే మమ్మల్నే నాటేస్తుందని దానిమీద క్యాలెండరు తగిలించాం. సాయంత్రం హాలు నిండింది. అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు, ఫ్యాను గాలికి క్యాలెండరు లేచింది.

“స్తోత్రం! గోడలో పైరు మొలిచినాది!” అని ఒక పెద్దమ్మ కేక వేసింది. అందరూ లేచారు. ముట్టుకుని కళ్లకద్దుకున్నవాళ్లు కొందరు. ఒకావిడ పోచ తెంపి పాటల పుస్తకంలో దాచుకుంది. “ఈ ఇంట్లో యాడ పడిన గింజైనా మొలుస్తాది,” అన్నారు అయ్యగారు. సరిగ్గా అప్పుడే, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చి బయటి మెట్ల మీదుగా పైకెళ్లిన నాన్న స్నానం మొదలుపెట్టాడు. స్తంభం గుడగుడమంది, నేను పైపు అతికించిన చోట కారి నెర్రెలోంచి సబ్బు నురగ పొంగింది. “మామ మడికి నీళ్లు కడతా ఉండాడు,” అన్నాడు బావ నా చెవిలో. నవ్వు ఆపుకోలేక చాప మీద బోర్లా పడి ఊగిపోయాను. (పరిశుద్ధాత్మ వశమయ్యాననుకుని ఇద్దరు నా తలమీద చేతులుంచి ప్రార్థించారు.)

అందరూ వెళ్లాక అమ్మ స్తంభం ముందు నిలబడింది. “పొద్దున మీరు క్యాలెండరు తగిలిస్తా ఉంటే చూసినాను. పరువు పోతాదని అప్పట్నించి నాకు ముద్ద దిగలేదురా,” అంది. మేం తలలు దించుకున్నాం. “పాపం, సబ్బునీళ్లకు మొలిచిన పైరును కళ్లకద్దుకున్నారు గదరా!” అని చాప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఇప్పుడు నేను కట్టించే ఇళ్లలో పైపులు కనబడవు, వినబడవు. చూసినవాళ్లు పని బాగుందంటారు. నాకూ సంతోషమే. కానీ నేను కట్టిన ఏ గోడ ముందూ ఇంతవరకు ఎవరూ అంతగా నవ్వలేదు.