నేను గీత కొట్టేసిన ప్రశ్న

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ తెలిసిన సంగతే. పళ్ళ డాక్టరయ్యాకైనా తగ్గుతుందేమోనని మా అమ్మ ఆశపడింది గానీ ఏం తగ్గలేదు. ఆ కోపాన్ని ఒకసారి మా పక్కింటి పిన్ని మీద చూపించాను. అదీ తప్పు నా దగ్గర పెట్టుకుని. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

పిన్ని అంటే సొంత పిన్ని కాదు. మా నాన్నా, ఆమె భర్తా ఛత్తీస్‌గఢ్‌లో కిరండూల్ రైలు లైన్లో ఒకే గ్యాంగులో పనిచేశారు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. కొండ మీద ఇనుప రాయి తవ్వుతారు, గూడ్సులు దాన్ని నింపుకుని విశాఖ వైపు దిగుతాయి, ఆ పట్టాలు కనిపెట్టుకుని ఉండడం మావాళ్ళ పని. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఎర్రబడేది. ఆఫీసుల్లో హిందీ, సంతలో హల్బీ, ఇంట్లో మా సిక్కోలు తెలుగు. ఆదివారం మాత్రం మా చిన్న చర్చిలో రెండు గంటలు ఒక్క తెలుగే. ఆ రెండు గంటలకీ గొంతు మా పిన్నిది. ఆమె పాట ఎత్తుకుంటేనే మిగతావాళ్ళం అందుకునేవాళ్ళం.

నేను విశాఖలో పీజీలో చేరిన ఏడాది ఆమెకి మిగిలిన పళ్ళు కూడా పోయాయి. సెట్టు కట్టించుకుంది. పై సెట్టు బాగానే అతుక్కుంది. కిందిది నిలవలేదు, ఎముక అరిగిపోయిన దవడ మీద ఏ సెట్టూ నిలవదు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాట పై స్థాయికి తీసేసరికి కింది సెట్టు ఊడి చాప మీద పడింది. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సెలవుకి వచ్చిన నేనూ నవ్వాను, దాచడం ఎందుకు. ఆ వారం నుంచి ఆమె ముందు చాప వదిలేసి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నోరు విప్పేది కాదు. పాటలు ఎవరిదో ఫోనులోంచి పెట్టేవాళ్ళు.

ఒకరోజు మా పెరటి గోడ మీంచి పిలిచింది.

"ఒసే గుంటా, దవడకి మరలు బిగించే సదువు సదువుతున్నావంట గదా. నాకూ బిగించీయే."

"నమలడం కష్టంగా ఉందా పిన్నీ?"

"తిండికేటి, గంజి తాగీసి బతికీగలను. పాట ఎత్తుకోవాలే నాను. మళ్ళా ముందు చాప మీద కూకోవాలి."

అంతే ఆమె కోరిక. సరే అనేశాను.

ఆ చదువు అనుకున్నంత తేలిక కాదు. మొదటి ఏడాదంతా మేక దవడల మీదే సరిపోయింది. కసాయి దుకాణం నుంచి తెచ్చుకుని, కడిగి, వాటిలో తవ్వడం. ఎముక వేడెక్కకుండా సెలైన్ పోస్తూ నెమ్మదిగా తవ్వాలి. వేడెక్కితే ఆ చుట్టూ ఎముక చచ్చిపోయి మర పట్టదు. మా గైడు సార్ వెనక నిలబడి, "తొందర నీ కాళ్ళకి ఉంచుకోమ్మా, చేతులకి రానివ్వకు" అనేవారు. తొందర నా నోటికి కూడా ఉందని ఆయనకి అప్పటికి తెలీదు.

రెండో ఏడాది నుంచి పరిశోధన. పళ్ళు లేనివాళ్ళ కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, అంటే రెండు టైటేనియం మరలు, దించి మూడు నెలలు ఆగుతాం. ఈలోగా ఎముక వాటిని పట్టుకుంటుంది. అప్పుడు వాటి మీద సెట్టుని చొక్కా గుండీ నొక్కినట్టు నొక్కి బిగిస్తాం. ఎవరికి పట్టింది, ఎవరికి పట్టలేదు, ఎందుకు పట్టలేదు, ఇవి రాయడమే నా థీసిస్. మా కాలేజీ నుంచి నెలకోసారి మా ఊరి గనుల టౌన్‌షిప్ ఆసుపత్రికి క్యాంపు వెళ్ళేది. నా పేషెంట్లని అక్కడే చూసుకుంటానని సార్‌ని బతిమాలి ఒప్పించాను. ఎముక తవ్వే మోటారు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, సార్‌తో కలిసి ప్యాసింజర్లో సొరంగాలన్నీ దాటుకుంటూ మా ఊరు ఎక్కేదాన్ని. మిగతా పీజీలు పేషెంట్ల భాష రాక తంటాలు పడేవాళ్ళు. నాకా బాధ లేదని మహా గర్వంగా ఉండేది.

పిన్నిని కూర్చోబెట్టి ఫారం నింపాను. పొగాకు వాడేవాళ్ళని ఈ పరిశోధనలోకి తీసుకోకూడదు. పొగాకు వల్ల చిగుళ్ళకి రక్తం సరిగ్గా అందదు, గాయం మానదు, ఎముక మరని పట్టుకోదు.

"బీడీ, చుట్ట ఏమైనా తాగుతావా పిన్నీ?"

"నేదు."

"ఖైనీ, జర్దా నములుతావా?"

"నేదే."

మా సిక్కోలు వైపు ఆడవాళ్ళలో కొందరు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. విశాఖ ప్రొఫెసర్లు తప్పకుండా అడగమనే ప్రశ్న అది. అడిగాను. పిన్ని చర్రున లేచింది.

"ఒలమ్మ ఒలమ్మ! దేవుడి పాట పాడిన నోరే ఇది! అడ్డపొగ తాగుతానా నాను? మీ అమ్మనడుగు!"

బతిమాలి కూర్చోబెట్టాను. ఇక చివరి ప్రశ్న ఒకటి ఉంది. 'రోజూ పళ్ళు దేనితో తోముకుంటారు?' నాకు నవ్వొచ్చింది. పళ్ళే లేని మనిషిని పళ్ళు దేనితో తోముకుంటావని అడగడమేమిటి! పెన్ను తీసి ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టేశాను. పిన్ని దగ్గరే కాదు, నా పేషెంట్లందరి ఫారాల్లోనూ అలాగే కొట్టాను. ఎవరికీ పళ్ళు లేవు కదా మరి.

ఇంప్లాంట్లు దించిన రోజు సార్ పక్కన నిలబడ్డారు గానీ చెయ్యి వేయలేదు. అంతా నేనే చేశాను. మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగ్ మోతకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను మోటారు ఆపేశాను. పిన్ని మాత్రం కదల్లేదు. కుట్లు వేశాక, మొద్దుబారిన పెదవితోనే, "అంత కొండనే తవ్వీస్తన్నారు, నా దవడెంతే" అంది. సార్‌కి ఆమె మాట సగమే అర్థమైంది, అయినా నవ్వారు. బయట బెంచీ మీద మా అమ్మ ప్రార్థన చేస్తూ కూర్చుంది.

మూడు నెలలకి, ఒక శుక్రవారం, మళ్ళీ క్యాంపు. చిగురు తెరిచాను. కుడివైపు మర మీద చిన్న కడ్డీతో తడితే ఖంగుమంది. అది పట్టినట్టు. మా నాన్న సుత్తితో పట్టాలు తట్టి చూసేవాడు, అదే రకం మోత. ఎడమవైపు తడితే మెత్తటి చప్పుడు. వేలితో ముట్టుకుంటే కదిలింది. కదిలే మరని ఉంచకూడదు. తీసేశాను. నా చేతిలోకి ఎంత సులువుగా వచ్చేసిందో!

నా మొదటి కేసు. మా పిన్ని కేసు. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది.

"మందు నీళ్ళు పుక్కిలించమన్నానా లేదా? ఎన్నిసార్లు చెప్పాను పిన్నీ? నోరు శుభ్రంగా ఉంచుకోకపోతే ఇంతే! చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది!"

ఆమె నోట్లో దూది ఉంది. మాట్లాడలేక రెండు చేతులూ జోడించింది. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద మనిషి నాకు దణ్ణం పెట్టింది. దూది తీశాక మెల్లగా చెప్పింది.

"నీ తప్పు నేదే. నలుగురి ముందూ పాడాలని గీర నాకు. దేవుడికి నచ్చినట్టు నేదు. అందుకే తీసీసినాడు."

కాదని నేను అనాల్సింది. అనలేదు. పుండు మానేదాకా రెండు వారాలు కింది సెట్టు పెట్టొద్దని చెప్పి, తర్వాతి పేషెంటుని పిలిచాను.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో లేచి మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. మెట్టు మీద మా అమ్మా, పిన్నీ, ఎదురింటి ఆవిడా వరసగా కూర్చున్నారు. మధ్యలో చిన్న డబ్బా. ముగ్గురి చూపుడువేళ్ళూ నల్లగా ఉన్నాయి. ముగ్గురూ నోట్లో వేళ్ళు పెట్టుకుని చిగుళ్ళ మీద నెమ్మదిగా రుద్దుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. పిన్ని అయితే కుట్లు ఉన్న వైపు వదిలేసి రెండో వైపు రుద్దుకుంటోంది, పాపం, జాగ్రత్తగా.

గుడాఖు. పొగాకు పొడిని బెల్లప్పాకంలో కలిపిన నల్లటి ముద్ద. ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటా ఉంటుంది. దుకాణంలో బీడీల పక్కన కాదు, పళ్ళపొడి పక్కన పెడతారు, మంజన్ అనే అంటారు. చిన్నప్పుడు ఆ డబ్బా కొనుక్కొచ్చింది నేనే. ఈ మెట్టు మీద ఈ ముగ్గురినీ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. చూసీ చూసీ కంటికి ఆనకుండా పోయింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాను.

"కనపడ్డం నేదేటి? పళ్ళు తోముకుంటన్నాం" అంది అమ్మ.

"పిన్నికి పళ్ళే లేవు కదమ్మా!"

పిన్ని నావైపు జాలిగా చూసింది. "పళ్ళు నేకపోతే పొద్దున్నే నోరు కడుక్కోరేటే? నువ్వే గదా నోరు సుబ్బరంగా ఉంచుకోమన్నావు. అందుకే ఈ మూడు నెల్లూ రెండు పూటలా రుద్దుతన్నాను."

నా థీసిస్‌లో పొగాకు మీద ఒక అధ్యాయమే ఉంది. ఎక్కడెక్కడి పుస్తకాల్లోంచో ఏరి రాశాను. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

"అది పొగాకు కదమ్మా" అన్నాను.

"మంజన్ గదే" అంది అమ్మ. "అయినా దీని సంగతి నువ్వు దాన్నడిగినావేటి?" అంది.

అడగలేదు. గీత కొట్టేశాను.

ఫారం పట్టుకుని గెస్ట్‌హౌస్‌లో ఉన్న సార్ దగ్గరికి పరిగెత్తాను. అంతా విని, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీత వైపు చూశారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఈ ఊళ్ళో పుట్టినదానివి కదమ్మా" అన్నారు మెల్లగా. ఆ ఒక్క మాటకి తల కొట్టేసినట్టయింది. ఈ కేసు తీసేయాలా అని అడిగాను. "ఎందుకు తీసేస్తావ్? జరిగింది జరిగినట్టు రాయి. మిగతా అందరినీ మళ్ళీ అడుగు. అంతకంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు" అన్నారు.

వెళ్ళాను. పిన్ని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రేపు చర్చికి రానంటోందని బాబాయి చెప్పాడు. చెప్పుల పక్కన కూర్చోవడానికి కూడా మొహం చెల్లడం లేదందట.

"పిన్నీ, తప్పు నీది కాదు. నాది" అన్నాను.

"పోనీలే అమ్మా. పెద్ద డాక్టరువి, నువ్వెందుకు తప్పు సేస్తావు."

తనని ఓదార్చడానికి అలా అంటున్నాననుకుంటోంది! మాటలతో లాభం లేదని ఫారం ఆమె చేతికిచ్చాను. బైబిలు చదివే కళ్ళు కదా, తెలుగు అక్షరాలు కూడబలుక్కోకుండానే చదువుతుంది. లేచి కూర్చుని ఒక్కో ప్రశ్నా పైకి చదివింది. అడ్డపొగ దగ్గర నావైపు ఓరగా చూసింది. చివరికి గీత దగ్గరికొచ్చి, గీత కింద ఉన్న అక్షరాలు కూడా చదివింది.

"ఇది కొట్టీసిందెవులు?"

"నేనే. నీకు పళ్ళు లేవు కదా, అడగడమెందుకులే అనుకున్నాను. అడిగి ఉంటే గుడాఖు సంగతి చెప్పేదానివి. మానిపించి, ఆ తర్వాతే మరలు దించేదాన్ని. నిన్న నిన్ను తిట్టాను చూడు, ఆ తిట్లు నేను తినాల్సినవి." అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఆపుకోలేనంత. "నన్ను క్షమించు పిన్నీ."

ఆమె నా ఏడుపు పట్టించుకోలేదు. కాగితం మీద వేలు అలాగే పెట్టి ఆలోచిస్తోంది. ఆ వేలు తీయకుండానే అడిగింది.

"అయితే దేవుడికి నామీద కోపం నేదన్నమాట."

"లేదు పిన్నీ."

"పాడితే తప్పు నేదన్నమాట."

"లేదు."

కాగితం నాకిచ్చేసి, మళ్ళీ పడుకోకుండా, జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నాకు టీ పెట్టడానికి.

ఆ తర్వాత ఆమె గుడాఖు మానడానికి పడ్డ పాట్లూ, తోడు మానతానన్న మా అమ్మ నాలుగు రోజులకే చేతులెత్తేయడమూ, ఎడమవైపు మళ్ళీ కొత్త మర వేయడమూ, అది పట్టడమూ, అన్నీ థీసిస్‌లో తేదీలతో సహా ఉన్నాయి. కానీ ఆ మర్నాడు ఆదివారం జరిగింది అందులో లేదు.

ఆరాధన మొదలవబోతుంటే ఎవరో ఫోను తీశారు. పిన్ని గుమ్మంలోంచి నడుచుకుంటూ వచ్చి ముందు చాప మీద కూర్చుంది. కింద సెట్టు లేదు, నేనే పెట్టొద్దన్నాను. దవడ వాచి ఉంది. వద్దు పిన్నీ, కుట్లున్నాయి అని సైగ చేశాను, నావైపు చూస్తే కదా. నోరు తెరిచి పాట ఎత్తుకుంది. బోసి నోటితో సగం మాటలు పలకలేదు, గాలి వచ్చేసేది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పలకలేని మాటలు వచ్చినప్పుడల్లా మేమందరం అందుకుని పాడాం.