పోగు కూడా దాచని ఫొటో

ఎనభైల్లో చీరాలలో మాది మగ్గం ఇల్లు. అన్నయ్య ముందు రెండు లెన్సులుండే పాత రెండు కళ్ళ కెమెరా కొన్నాడు. నూలిచ్చి నేయించుకునే షావుకారుకి ఇవ్వాల్సిన చీరను నాన్నకు తెలియకుండా కట్టుకుని పెరట్లో నిలబడ్డాను. అన్నయ్య తల వంచి కెమెరా పైనున్న అద్దంలోకి చూస్తూ, అందులో నేను నీళ్ళ అడుగున మెల్లగా తేలుతున్నట్టు కనిపిస్తున్నానన్నాడు. తర్వాత చీర మడతపెట్టి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

వారానికి ఆ ఫొటో నాన్న కంటబడింది. అందులో ఒక్కో పోగూ విడివిడిగా కనిపిస్తోంది. పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి ఫొటోలో చీర అంచు మీద పెట్టాడు.

"నేసేటప్పుడు ఇక్కడ పోగు తప్పింది, నాకు గుర్తే. ఇది షావుకారు చీర."

భూతద్దం నెమ్మదిగా పైకి జరిగి నా మొహం మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"కట్టుకోవాలనుంటే అడగొచ్చుగా అమ్మాయ్."

రోజంతా చీరలు నేసే ఇంట్లో, ఒకటి నాకూ కావాలని అడగొచ్చన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.